చెల్లి అసలు గొంతు, రెండు వైపులా

రేడియోలు, టేప్‌రికార్డర్లు, మిక్సీలు బాగుచేసుకుని బతికే నేను, వయసు యాభై మూడు, చదువు ఎనిమిదో తరగతి మధ్యవరకు, ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధి సరిగ్గా ఉండగా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. గుండెలో కవాటమే బాగాలేదట. ఎల్లుండి గురువారం ఆపరేషను. నీకు బుద్ధి ఎప్పుడు ఏడిసింది గనక అని మా ఆవిడ పక్కనుంచి అంటోంది. ఆ మాట చెల్లదు.

ఇది వేళాకోళానికి రాసింది కాదు. రాసింది నేను గనక ఈ ముక్క విడిగా రాయాల్సి వస్తోంది.

1. మేముంటున్న రెండు గదుల ఇల్లు, షాపు, అందులోని సామాను మా ఆవిడకి చెందాలి. ఇన్నేళ్ళలో ఉప్పు డబ్బాలో నేను చక్కెర పోసింది పదకొండుసార్లని నువ్వు లెక్క చెబుతుంటావు. పన్నెండు. పన్నెండోసారి నింద మా అత్తగారి మీదికి పోయింది, నేను నోరు మూసుకున్నాను. ఆవిడకి నా తరఫున నువ్వే చెప్పు.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పక్క షాపు మంగలి మిత్రుడిది. వాడి స్టూలు కింద నేను కట్టిన బెల్లు వాడికే. తీసేయమని పదేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. ఇక తీసుకోవచ్చు.

3. ఎనిమిదో తరగతిలో హెడ్మాస్టారి కుర్చీ కింద పెట్టిన బజరు ఇనప్పెట్టె అడుగున ఉంది. దానికోసమే నన్ను బడి నుంచి గెంటేశారు. తయారుచేసిన చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. బజరు బడికి ఇచ్చేయండి. ఇప్పటికీ మోగుతుంది.

4. నాకు పిల్లలు లేరు. నా స్క్రూడ్రైవర్లు, మీటరు, కళ్ళజోడుకి బిగించుకునే భూతద్దం మా చెల్లి కూతురికి, అంటే నా మేనకోడలికి. అమ్మలూ, చిన్నప్పుడు నిన్ను నిద్రపుచ్చడానికి మీ అమ్మ ఏనాడూ పాట పాడలేదు. రేడియో పెట్టి వీపు మీద తట్టేది. కారణం కింద ఉంది.

5. చెల్లికి. పైన నాలుగూ దీనికి భయపడి రాసినవే.

పదిహేడేళ్ళ కిందట, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తూ చెల్లి ఒక ఆల్బం చేసింది. ‘ఆఖరి బస్సు లైట్లు’ అని పేరు. ఎనిమిది పాటలు. రాసింది, బాణీ కట్టింది, పాడింది, అట్ట మీద బొమ్మ వేసింది అంతా తనే. మా చిన్నప్పుడు రేడియోలో మోగిన కీబోర్డు మోతలు, డ్రమ్ము మిషను దెబ్బలు దానికి ప్రాణం. అప్పటికే జనం సీడీల్లోకి పోయారు. పాతకాలం పాటకి క్యాసెట్టే ఉండాలని పట్టుబట్టింది. పాత సామాన్లలో నేను ఏరి తెచ్చిన కీబోర్డులో రెండు మెట్లు పలికేవి కావు. ఆ రెండు స్వరాలూ తగలకుండా ఎనిమిది పాటలూ కట్టుకుంది. నన్ను బాగుచేయమని కూడా అడగలేదు. అన్నయ్యకి పని ఎక్కువని.

ఒక పాట అయ్యాక అదే టేపు మీద, దాని వెనకాలే, తర్వాతి పాట రికార్డు చేసేది. చివరికి మిగిలిన అసలు క్యాసెట్టు ఒక్కటే. అది నా చేతిలో పెట్టి అరవై కాపీలు తీయమంది.

టేప్‌రికార్డరు మోటారు వెనక చిన్న బెజ్జం ఉంటుంది. లోపల స్క్రూ. కాస్త తిప్పితే పాట పరిగెడుతుంది, గొంతు కీచుమంటుంది. తిప్పాను. అరవై కాపీలూ అలాగే తీశాను. ఫ్యాక్టరీ భోజనాల గదిలో అందరి ముందూ మొదటి పాట వేయించి, దాని మొహం చూసి, అప్పుడు జేబులోంచి అసలుది తీయాలని నా పథకం.

పాట మొదలైంది. నలభైమంది టైలర్లు. చిట్టెలుక పాడుతోందర్రోయ్ అని ముందుగా అరిచింది నేనే. గది గదంతా పగలబడి నవ్వింది. చెల్లి కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా. మెడలో ఉన్న కొలత టేపుని మాత్రం వేలికి చుట్టుకుంటూ పోయింది, వేలు తెల్లబడేదాకా. అది నేను చూశాను. నా చెయ్యి జేబులోనే ఉంది. బయటికి రాలేదు.

ఇంటికొచ్చాక అడిగింది, ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు ఇలా లేదే అన్నయ్యా, నా గొంతు నిజంగా ఇంతేనా అని. ఆ ఒక్క మాట దగ్గర చెప్పేసి ఉంటే నాలుగు తన్నులతో పోయేది. ఇయర్‌ఫోన్లు గొంతుని ముద్దు చేస్తాయి, పెద్ద బాక్సులో వచ్చేదే అసలు గొంతు అన్నాను. మెకానిక్కుని కదా, నమ్మింది. అసలు క్యాసెట్టు ఏదని అడిగితే మిషను నమిలేసిందన్నాను. అదీ నమ్మింది.

ఆ తర్వాత పాడలేదు. కూనిరాగం కూడా లేదు. ఫ్యాక్టరీలో ఇప్పటికీ చిట్టెలుక అనే పిలుస్తారు. పలుకుతుంది.

నా బతుకులో చేసిన కోతివేషాలన్నిటికీ చివర్లో నేను బయటపడి, అందరం కలిసి నవ్వుకున్నాం. ఇది ఒక్కటే బయటపడలేదు. అందుకే ఇది వేళాకోళం కాదు. దొంగతనం.

కాబట్టి చెల్లికి చెందాల్సినవి: ఆ అసలు క్యాసెట్టు. ఆ కీబోర్డు, రెండు మెట్లూ బాగుచేశాను. ఆ టేప్‌రికార్డరు, వేగం సరిచేసి, స్క్రూ కదలకుండా దాని మీద మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా నాలాంటివాళ్ళు.

6. ఆ అరవైలో ఒకటి ఎవరి దగ్గరున్నా, షాపుకి తెస్తే సరైన కాపీ తీసి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు సంగతి ఏమిటో చెప్పి మరీ ఇవ్వాలి.

7. పై ఆరూ రాసి, సాక్షి సంతకం కోసం మంగలి మిత్రుడికి ఇచ్చాను. గడ్డం గీస్తున్నవాడు గీస్తున్నట్టే ఆపి మొత్తం చదివాడు. చచ్చాక చెబితే మీ చెల్లి ఎవణ్ణి తిట్టాలిరా, నీ ఫొటోనా అన్నాడు. సబ్బు నురగతో కుర్చీలో ఉన్నాయన కూడా తలూపాడు. ఆపరేషన్లో పోతేనే నిజం బయటికొచ్చేలా ఏర్పాటు చేసుకున్నానని అప్పుడు అర్థమైంది. బతికితే ఈ కాగితం మళ్ళీ పెట్టెలోకే. ఇందులోనూ తప్పించుకునే దారి పెట్టుకున్నాను.

అందుకని ఐదో అంశం కింద ఇచ్చిన వస్తువులు రద్దు. అవి ఈ పూటే ఆటోలో వేసుకుని, ఈ కాగితంతో సహా చెల్లి ఇంటికి పట్టుకెళుతున్నాను. రాసింది మాత్రం కొట్టేయడం లేదు. వీలునామాలో వాటా ఉన్నవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట. మంగలి మిత్రుడి బెల్లు ఇందాకే ఊడదీసి వాడి చేతిలో పెట్టేశాను. ఇప్పుడు చెల్లికీ ఇందులో ఏ వాటా లేదు. పెడుతుందో, మొహాన కొడుతుందో దాని ఇష్టం. గడప బయట నిలబడతాను.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం.

సంతకం: రేడియో మెకానిక్కు (సొంత చేతిరాత, తప్పులు కూడా సొంతవే)

సాక్షులు:

1. పక్క షాపు మంగలి. చదివి పెట్టాను.

2. చెల్లి, బట్టల ఫ్యాక్టరీలో టైలరు. రెండు వైపులా విన్నాకే పెడుతున్నాను. అన్నయ్యతో ఇంకా మాట్లాడలేదు.