ముక్కుకు గుడ్డ అక్కర్లేని ఊరు

గిటారన్నకు,

ఆదివారం బావ సంస్మరణ సభలో మన పాట పాడతానని కబురు పంపావట. నీకు దణ్ణం పెడతాను, పాడకు.

బాణీ నీది, రాత నాది. రంగుల షెడ్డులో ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆవిరి మధ్య రంగునీళ్లలో బట్టలు ముంచేవాణ్ణి. పొలం గట్టు మీద ఒక్కరోజైనా నడిచిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి "ముక్కుకు గుడ్డ అక్కర్లేని ఊరికి పోదాం రా" అని గొప్పగా రాసేశాను. మీరంతా ఈలలు వేశారు. బావ ఒక్కడే నమ్మాడు. మనతోపాటు చేసే షెడ్డు పని మానేసి, అక్కను తీసుకుని కౌలు చేనుకు వెళ్లిపోయాడు.

షెడ్డులో పదకొండేళ్లు గుడ్డ తియ్యని మనిషి, అక్కడ గుడ్డ లేకుండా పురుగుమందు కొట్టాడు. అక్క కట్టుకోమంటే, "ఇక్కడ కూడానా? మీ తమ్ముడి పాట వినలేదా?" అని నవ్వాడట. మూడో రోజుకి ఊపిరి ఆగిపోయింది.

నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది. అక్క మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "ఆ పాటే పాడించరా, ఆయనకదంటే ప్రాణం" అంటోంది. ఆమెతో కాదనే నోరు నాకు లేదు. గొంతు పోయిందని నువ్వే చెప్పు. అబద్ధమే. కానీ నేను రాసినదాని కంటే చిన్నది.