అటక మీది మేనత్తగారికి

పూజ్యులైన మేనత్త రేచల్ గారి సముఖమునకు,

"యుద్ధంలో యూదులమైన మమ్మల్ని జపాను సైనికులకు దొరక్కుండా మీవాళ్ళు దలా రేవు ఊళ్ళోని మీ ఇంటి అటక మీద దాచారు. ఒక్కసారి రావచ్చా? నేనెవరికైనా గుర్తున్నానా?" అన్న మీ ఉత్తరం నిన్న అందింది. ఇంటిల్లిపాదీ కూర్చుని విచారణ జరిపాం.

తాతగారు అప్పట్లో మిమ్మల్ని సర్కారుకిచ్చే ఇంటి మనుషుల పట్టీలో 'కూతురు అమ్ములు' అని రాయించారు. జపానువారు పోయారు, బ్రిటిషువారు పోయారు, ఆ పేరు మాత్రం ప్రతి కొత్త పట్టీలోకీ ఎక్కుతూనే ఉంది. కావున అనుమతి అడగనవసరం లేదు. ఎనభై ఏళ్ళుగా ఇంటికి రానందుకు మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మీతో అటక మీద గవ్వలాడిన మా నాన్న, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దున్నుంచి రేవులోనే కూర్చున్నారు. ఇది మీకు రాయమన్నారు: "అప్పా, ఈపాలి నిచ్చెనెక్కక్కర్నేదు. ఈది గుమ్మంలోంచే రా. గట్టిగా మాటాడుకుంటా రా."

ఇట్లు,
గుమ్మానికి పసుపు రాయించిన మీ మేనల్లుడు