సున్నా దగ్గర ఒక వోల్టు

వాట్‌గంజ్,
మంగళవారం

గురువులు మావయ్యకు,

మీరు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాసి నరసమ్మత్త చేతికిస్తున్నాను.

తప్పు నాదే. పంపుహౌస్ సంపులో నీటిమట్టం చూసే సెన్సారు, నీళ్లు అసలు లేకపోయినా ఒక వోల్టు ఇస్తుంది. నిండితే అయిదు. కంట్రోలర్‌లో నేను లెక్కను సున్నా వోల్టు నుంచి కట్టాను. అందుకే అడుగు ఎండినా స్క్రీన్ మీద మోకాలిలోతు నీళ్లు కనిపించాయి. పరీక్షించిన రోజు సంపు నిండుగా ఉంది. నిండినప్పుడు ఏ లెక్కకైనా ఒకటే జవాబు, అందుకే తప్పు నాకు తెలియలేదు.

మీరు వెదురుకర్ర దించి చూసి, "ఇందులో నీళ్లేటున్నాయే, ఒట్టి బురద. ఇలాగే ఆడితే మోటారు కాలిపోతాది" అని ఆపేశారు. ఎందుకు ఆపారని మన బెంగాలీ ఇంజినీరు దాదా కేకలేస్తే, నీళ్లున్నాయని నేను స్క్రీన్ చూపించాను. మీరు కర్ర గోడకు ఆనించి వెళ్లిపోయారు.

నిన్న లెక్క సరిచేసి, దాదాకు జరిగింది చెప్పాను. వచ్చే సోమవారం పదింటికి సంపు ఖాళీ చేసి మళ్లీ చూస్తాం. మీరు రావాలి. కర్ర అక్కడే ఉంది, ఎవరూ ముట్టలేదు. స్క్రీన్ మీద గుడ్డ కప్పి ఉంచుతాను. ముందు మీరు లోతు చెప్పండి, ఆ తర్వాతే గుడ్డ తీస్తాను.

మీ మేనకోడలు