చిలకమ్మ వేలిముద్ర

5 సెప్టెంబరు 1994, సోమవారం

చిలకమ్మ ఇవాళ కూడా రాలేదు. కొండ మీది కొయ్యూరు బస్సు నర్సీపట్నం వచ్చినప్పుడల్లా మా లాయరాఫీసు అరుగు మీదికి వెళ్ళి చూశాను. సీనియర్ గారు కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

పద్నాలుగో తారీకుతో ఏడాది నిండుతుంది. సంతకి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు మోసుకొస్తున్న ఆవిడ మొగుణ్ణి కలప లారీ గుద్దేసి ఏడాది. నష్టపరిహారం క్లెయిము ఆరు నెలల్లో వెయ్యాలి. చిలకమ్మ మా గుమ్మం ఎక్కిందే పది నెలలకి – ఆరు నెలలని ఆ కొండ మీద ఆవిడకి చెప్పిందెవరు? సరైన కారణం చూపిస్తే ఏడాది దాకా ట్రిబ్యునల్ వారు పుచ్చుకోవచ్చు. ఏడాది దాటి ఒక్క రోజైనా ఇక ఎవరి చేతిలోనూ లేదు. చట్టం అంతే.

7 సెప్టెంబరు

వాన. పిటిషను, ఆలస్యానికి అఫిడవిట్టు, వకాలతు – అన్నీ టైపయిపోయాయి. వేలిముద్రలే తక్కువ.

8 సెప్టెంబరు

అప్పలరాజు ఇవాళ నోరు విప్పాడు. నేను పుట్టకముందు నుంచీ ఈ ఆఫీసులో గుమాస్తా, ఆయన అనకపోతే ఎవరంటారు. "నాను ఆరోజే సెప్పేనండి మేడమ్ గారు. తెల్లకాయితాల మీద ఐదు ముద్రలు ఏయించేసుంటే ఇయ్యాల ఈ గొడవే నేదు."

ఆఫీసు పద్ధతే అది. కొండ దిగి వచ్చినవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి మొదటి రోజే ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేయించి బీరువాలో పెట్టడం. జూలైలో చిలకమ్మ చెయ్యి చాపి నిలబడితే అడ్డుపడింది నేనే. ఏమీ రాయని కాగితం మీద ఎవరి చేతా వేలు వేయించకూడదు, అది అన్యాయం అని అందరి ముందూ పాఠం చెప్పాను. పాపం ఆవిడ ఇంకు అయిన వేలిని చీర కొంగుకి తుడుచుకుంది. "మళ్ళీ రా చిలకమ్మా, అన్నీ రాశాక చదివి వినిపిస్తాను, అప్పుడు వేద్దువుగాని" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో. లా కాలేజీలో ప్రైజు తెచ్చుకున్న పిల్లని కదా మరి.

10 సెప్టెంబరు

దారిలో కొండవాగు, ఆ గెడ్డ, పొంగింది. కొయ్యూరు బస్సులు కృష్ణదేవిపేట నుంచే వెనక్కి తిప్పేస్తున్నారు. ఒక జీపు డ్రైవరుతో కబురు పంపాం – పదమూడు లోపల ఎలాగైనా దిగి రమ్మని. అతను చెప్పాడో లేదో…

12 సెప్టెంబరు, సోమవారం

కృష్ణదేవిపేటకి కూడా బస్సు లేదు ఇవాళ. నేనే ఇంకుప్యాడు, కాగితాలు పట్టుకుని బయల్దేరదామనుకున్నాను. జీపులు తిరుగుతున్నాయి, టాపు మీద కూడా జనం. అక్కడి నుంచి నడక, గెడ్డ దాటడం… అమ్మ వంటింట్లోంచే "ఈ వానలో ఎక్కడికే, మతి గాని పోయిందా" అంది. ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నట్టు చెప్పులు విడిచేశాను.

13 సెప్టెంబరు

అయిపోయింది.

నాలుగింటికి. సీనియర్ గారు కోర్టులో ఉన్నారు. అప్పలరాజు తలుపు ఓరగా వేసి వచ్చాడు. "యేలిముద్రే కదండీ. యేలు మీద పేరు రాసుంటాదేటి? ఆ యమ్మ మేలుకే కదా." నేను వద్దనలేదు. అవుననీ అనలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. చూడకపోతే జరగనట్టే అనుకున్నానేమో. మూడు చోట్ల తన వేలే అద్దాడు.

ఆ తర్వాత నేను చేసిందే అసలు పని. ప్రతి ముద్ర కిందా – ఈవిడ నాకు తెలుసు, చదివి వినిపించగా నర్సీపట్నంలో ఇవాళ నా ఎదుట వేలిముద్ర వేసింది – అని ఉన్నచోట సంతకం. పొడి అక్షరాలు కాదు, నా పూర్తి పేరు. అక్షరాలు చక్కగా వచ్చాయి. అందుకే భయమేస్తోంది.

14 సెప్టెంబరు

వైజాగ్‌లో దాఖలు చేశాం. పుచ్చుకున్నారు. అప్పలరాజు బస్టాండులో టీ తెచ్చి ఇచ్చి "ఇంక ఇడిసీయండి మేడమ్ గారు" అన్నాడు.

21 సెప్టెంబరు

చిలకమ్మ వచ్చింది. చంకలో పసిపిల్ల. గెడ్డ నీళ్ళు తీశాయట. "ఏలు ఎయ్యాలన్నావు కదమ్మా" అని చెయ్యి చాపింది. అప్పలరాజు నాకంటే ముందే అందుకున్నాడు: "అక్కర్నేదు, అయిపోనాది. నువ్వు ఎల్లిపో, పిలుత్తాం." ఎలా అయిందని ఆవిడ అడగలేదు. లాయర్లకి తెలుస్తాయి కదా అన్నీ.

2 అక్టోబరు, ఆదివారం

చర్చిలో బల్ల ఇచ్చే ఆదివారం – ప్రభువు రొట్టె, రసం. నా వరస వచ్చేసరికి లేచి పక్కకి జరిగాను. కడుపులో బాగోలేదని అమ్మతో అబద్ధం. ఆ సంతకాల తర్వాత రెండోది. అమ్మ ముప్ఫయ్యేళ్ళు మిషన్ ఆసుపత్రిలో నర్సు – నా కడుపు సంగతి ఆవిడకి తెలియదా.

28 నవంబరు

ఇవాళ వైజాగ్‌లో బారు రూములో ఎవరో గెజిట్ కాపీ చదువుతున్నారు. మోటారు వాహనాల చట్టం సవరించారు. క్లెయిములకి గడువు అన్న ఉపసెక్షన్ మూడు – తీసేశారు. మొత్తానికే. ఆరు నెలలూ లేదు, ఏడాదీ లేదు. ఈ నెల పద్నాలుగు నుంచి అమలు.

మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివాను. రెండు నెలలు. నేను ఆ సంతకాలు పెట్టిన రెండు నెలలకి. పక్కన కూర్చున్నాయన "మంచి సవరణ కదండీ, పేదవాళ్ళకి" అన్నారు. మంచిదేనండి అన్నాను. వరండాలోకి వెళ్ళి ఏడ్చాను, గౌను మొహానికి అడ్డం పెట్టుకుని. నా మీద నాకు అసహ్యం వేసింది.

29 నవంబరు

ఒకటే ఆలోచన. ఆ పిటిషను వెనక్కి తీసుకుని, నిజం వేలిముద్రతో కొత్తది వేస్తే? గడువు లేదు కదా ఇప్పుడు. సీనియర్ గారిని ఊరికే అడిగినట్టు అడిగాను. "కొత్త చట్టం కొత్త యాక్సిడెంట్లకమ్మా. పాతవాటికి వర్తిస్తుందని ఎవరు చెప్పారు? ఒక జడ్జి అవునంటాడు, ఇంకొకాయన కాదంటాడు. చేతిలో టైములో వేసిన పిటిషను ఉండగా నీకెందుకా సందేహం?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఫైలు తీసుకుని బయటికి వచ్చేశాను.

23 జనవరి 1995

వచ్చిపడింది. ఇన్సూరెన్సు వారి వకీలు పిటిషను వేశాడు. సెప్టెంబరు పదమూడున కొయ్యూరు రోడ్డు మూసి ఉంది, బస్సుల్లేవు, డిపో నుంచి కాగితం తెచ్చాడు – మరి ఆ రోజు ఈవిడ నర్సీపట్నంలో వేలిముద్ర ఎలా వేసింది? మొగుడి శవాన్ని అప్పగించుకున్నప్పుడు పోలీసుల దగ్గర వేసిన ముద్ర ఒకటి ఉంది. రెంటినీ నిపుణుల చేత పోల్చి చూపించాలట.

24 జనవరి

సీనియర్ గారికి చెప్పాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి పెట్టారు. "ముందు నీ సన్నదు పోతుంది, ఇక నల్లకోటు వేసుకోలేవు. తర్వాత అప్పలరాజు మీద కేసు. ఆఫీసు పరువు సరే. ఆవిడకేం మిగులుతుంది? పిటిషను కొట్టేస్తారు, కొత్తది గడువు దాటిందంటారు. నీ మనశ్శాంతి కోసం ఆవిడ నోట్లో మట్టి కొడతావా?" తర్వాత కొంచెం మెత్తగా – "ఆ నిపుణుడి పిటిషను నేను కొట్టేయిస్తాలే. చిలకమ్మ బోనెక్కి నాదే అంటే చాలు. నేర్పు."

ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో వెతుకుతున్నాను. దొరకడం లేదు. అదే బాధ.

20 ఫిబ్రవరి

నేర్పాను.

ఈ చేత్తోనే రాస్తున్నాను. చిలకమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ముద్ర చూపించి, నీదేనా అని అడిగితే నాదే బాబూ అనాలి అన్నాను. "నాదే బాబూ" అంది. మళ్ళీ అడిగాను. "నాదే బాబూ." ఎన్నిసార్లడిగినా అదే వినయం. అది ఎవరి వేలో, ఎందుకలా అనాలో అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం "బాగా సెప్పేనా అమ్మా" అంది.

జూలైలో ఖాళీ కాగితం అన్యాయమన్నదాన్ని. ఇప్పుడు మనిషినే ఖాళీ కాగితం చేశాను.

22 ఫిబ్రవరి

అప్పలరాజు ఇంటికొచ్చాడు, వీధి అరుగు మీద నిలబడే మాట్లాడాడు. "మేడమ్ గారండి, నన్ను తప్పించీయండి. పిల్ల పెళ్ళి కుదిరింది. నా పేరు వొచ్చిందంటే ఆళ్ళు వొప్పుకోరు." తలుపు చాటునుంచి అమ్మ అంతా వింది. అతను వెళ్ళాక నాకు మజ్జిగ కలిపి ఇచ్చి పక్కన కూర్చుంది. ఒక్కటే అడిగింది – "ఆ కొండ మనిషికి తెలుసా?"

తెలియదు.

"ముందు ఆవిడికి సెప్పు" అంది అమ్మ. "ఎవుల్ని తప్పించాలో, ఎవుల్ని ఇరికించాలో తర్వాత సూసుకుందువు."

11 మార్చి

ఇరవయ్యో తారీకు చిలకమ్మ సాక్ష్యం. నిపుణుడి పిటిషను సంగతి దాని తర్వాత చూస్తారట. తొమ్మిది రోజులు. నిద్రలో కూడా నాదే బాబూ, నాదే బాబూ…

13 మార్చి, సోమవారం

చెప్పాను. ఆఫీసులో కాదు, సంత వెనక మెట్ల మీద. చింతపండు గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. అది నీ వేలు కాదు చిలకమ్మా, అప్పలరాజుది, నువ్వే వేశావని సంతకం పెట్టింది నేను, అన్నాను. గడువు, వాన, గెడ్డ, బస్సులు – అన్నీ వరస పెట్టి చెప్పుకొచ్చాను. నువ్వు రాలేవనుకున్నాను అన్నాను.

తన బొటనవేలు చూసుకుంది.

"నాను వొచ్చేనమ్మా. ఆ సోమారం. కబురందింది. పసిదాన్ని సంకనెట్టుకుని, గెడ్డ పీకల్లోతుంటే మావోడు తాడట్టుకుని దాటించినాడు. కిష్ణదేవిపేటలో పొద్దోయీదాకా కూకున్నాను. బస్సు రానేదు. జీపుకి డబ్బుల్నేవు. దీనికి జొరం తగిలింది, తిరిగెళ్ళిపోనాను."

పన్నెండో తారీకు. నేను చెప్పులు విడిచేసిన రోజు. నేను జీపెక్కి ఉంటే ఆవిడ బస్టాపులో దొరికేది.

నన్ను తిట్టలేదు. తిట్టమని లోపల బతిమాలుకుంటున్నాను, ఆవిడకేం తెలుసు. "ఇయ్యాల ఏస్తే సెల్లదా అమ్మా?" అని మాత్రం అడిగింది.

సీనియర్ గారూ, ట్రిబ్యునళ్ళూ, గెజిట్టూ అందరూ కొట్టుకుంటున్న ప్రశ్న అదొక్కటే. ఏమీ దాచకుండా చెప్పాను – చెల్లొచ్చు, చెల్లకపోవచ్చు. చెల్లకపోతే నీకేమీ రాదు. నాదే అని చెబితే రావచ్చు, కానీ అబద్ధం బయటపడితే నువ్వూ ఇరుక్కుంటావు. నువ్వు ఎలా అంటే అలా.

"నాది కాందాన్ని నాదని ఎలా సెప్తానమ్మా" అంది. గంప నెత్తికెత్తుకుంది. "నా మడిసి పోయినందుకు కదా ఇది. పరాయోడి యేలేటి."

17 మార్చి

రాసి తీసుకెళ్ళి సీనియర్ గారి బల్ల మీద పెట్టాను. నా అఫిడవిట్టు. అప్పలరాజు వేలని రాశాను – ఎంతసేపు ప్రయత్నించినా ఆ పేరు లేకుండా వాక్యం నిజం కావడం లేదు. కానీ వేయనిచ్చింది నేను, తప్పు నాది అని కూడా రాశాను. ఆయన చదివి మడిచి తిరిగి ఇచ్చేశారు. "రేపటి నుంచి రాకు." అప్పలరాజు నాకేసి చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

20 మార్చి, సోమవారం

వైజాగ్ నుంచి తిరుగు బస్సులో రాస్తున్నాను, అక్షరాలు కుదరడం లేదు. అనకాపల్లి దాటాం. పక్క సీట్లో చిలకమ్మ నిద్రపోతోంది.

చిలకమ్మ పాతది వద్దని చెప్పి, కొత్త పిటిషను తనకు తానే వేసుకుంది, వకాలతు లేకుండా. వేలిముద్ర బెంచి గుమాస్తా ఎదురుగా వేసింది. ముందు ప్రతి పేజీ చదివి వినిపించాను, అందరూ వింటుండగానే. ఇన్సూరెన్సు వకీలు లేచి – పాత ప్రమాదం, పాత చట్టం, గడువు దాటింది – అన్నాడు. జడ్జి గారు నా అఫిడవిట్టు రెండుసార్లు చదివారు. "ఇది మీరే రాశారా?" అవునండి. "ఎవరైనా రాయమన్నారా?" లేదండి. "దీని ఫలితం తెలుసా?" తెలుసండి. నా ఎన్రోల్‌మెంటు నంబరు అడిగి రాసుకున్నారు.

కొత్త పిటిషను పుచ్చుకోవాలా వద్దా, నా సంగతి బార్ కౌన్సిల్‌కి రాయాలా, పోలీసులకి రాయాలా – రెంటికీ ఆర్డరు ఏప్రిల్ మూడుకి వేశారు.

మెట్లు దిగుతుంటే చిలకమ్మ అడిగింది. "సెల్లిందా అమ్మా?"

తెలియదు చిలకమ్మా, మూడో తారీకున చెబుతారు అన్నాను.

"అయితే రెండో తారీకే దిగొచ్చేత్తాను. బస్సున్నా నేకపోయినా."

ఆ రాత్రికి ఎక్కడుంటావు అన్నాను.

"నీ ఇంటికాడే. మరెక్కడుంటానేటి."

ఇల్లు ఎక్కడో చెప్పాను. మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాను.