నడిమి కంబం

జూలై 12
ఏండ్లుగా కడుపులో పెట్టుకున్న మాట. కృష్ణగిరి డ్యాం పార్కు మెట్ల దగ్గర కావలివాడు నా కూతురు సావిత్రిని చూసి, "ఎత్తుకొని పోప్పా, మూట మోసినట్ల" అన్నాడు. సావిత్రి మూట కాదు. చక్రాల కుర్చీలోనుంచే మా ఊరు మత్తిగిరిలో పదిమందికి కుట్టుపని నేర్పుతుంది. ఆ పొద్దే తిరిగి వచ్చేసినాము. మళ్లీ పోలేదు.

జూలై 13
మెట్ల పక్కన వాలుబాట కట్టినారంట. ఆడి పద్దెనిమిది, నీళ్లకు మొక్కే పండగ నాడు, అందరిలాగా నీళ్ల పక్కన కూర్చొని చిత్రాన్నం తినాలని సావిత్రికి ఆశ. ముందే చూసి వద్దామన్నాను.

జూలై 16
వ్యాను మాట్లాడుకొని పోయినాము. వాలుబాట బాగుంది... ఒప్పుకోవాల. పైన గేటు. మూడు రాతి కంబాలు. వాటి సందున కుర్చీ పట్టలేదు.
కావలివాణ్ణి తిట్టబోయి ఆగినాను. నడిమి కంబం మీద నా ఉలి గుర్తు, నేను మరిచే పోయింది.
ఈ గేటు కట్టినప్పుడు రాతిపని నాదే. బండ్లు పోకుండా ప్లానులో రెండే కంబాలు. మధ్య మూడడుగులు. మేస్త్రీ తన మోటారు సైకిలు అందులోనుంచి తోలి, నా కంబాలు బండిని ఆపలేదని నవ్వినాడు. నాకు రోషం. ఎవరూ అడక్కుండానే మధ్యలో ఇంకొకటి నాటినాను. అప్పుడు సావిత్రి చిన్నది — నా భుజం మీదే తిరిగేది. కుర్చీ సంగతి తోచలేదు.
అంతా చెప్పినాను. తిరుగుదారిలో వ్యాను శూలగిరి దాటింది. అప్పుడు సావిత్రి ఒకటే మాట అంది — "బండి పోకుండా చేసినావు నాయనా. నన్ను కూడా."

జూలై 17
సావిత్రి కుర్చీ వెడల్పు కొలిచినాను. రెండడుగులు.

జూలై 21
పార్కు ఆఫీసు. నాటింది నేనే, తీసేదీ నేనే, కూలి వద్దు అన్నాను. కంబం తీస్తే బండ్లు లోపలికి వస్తాయంటాడు సారు.
"బండిని ఆపేదానికి కావలివాడు ఉండాడు కదా సారూ. మా పాపను ఆపేది నా రాయే."
అర్జీ పెట్టుకోమన్నాడు. నలుగురి ముందర తప్పు నాదని చెప్పడం ఇదే మొదలు.

జూలై 24
నేను చెప్తా ఉంటే సావిత్రి అర్జీని అరవంలో రాసింది. 'పొరపాటు' అని రాయనా అంది. తప్పు అనే రాయి అన్నాను. కాసేపు నా మొగం చూసి రాసింది.
అర్జీ కడాకు రాయించింది ఇది — ఆడి పద్దెనిమిది ఆగస్టు మూడు. రెండో తేదీ సాయంత్రం లోపల తీస్తారా, నన్ను తీయమంటారా, చెప్పాల. ఉలికి పదును పెట్టి ఉంచినాను. మూడో తేదీ పొద్దున్నే నా కూతురితో గేటు దగ్గర ఉంటాను. ఎత్తుకొని మాత్రం పోను.