జబ్బు లేనివాళ్ళ పుస్తకం

డాక్టరు గారికి నమస్కారాలు.

"జబ్బు లేనివాళ్ళను కూడా ఆసుపత్రి పుస్తకంలో రాస్తావేంటమ్మా, కాగితం దండగ!" అని మీరు రిటైరయ్యేదాకా నన్ను తిట్టారు, గుర్తుందా?

మన ఊరి పక్కన భూమి లోతున రాతిపొరల్లో ఉండే షేల్ గ్యాస్ కోసం బావులు తవ్వుతారట. నిన్న దాని గురించి ఊళ్ళో పెట్టిన సభలో, "రేపు మా పిల్లలకు ఆయాసం వస్తే?" అని అడిగాం. "అది ముందునుంచీ లేదని రుజువేంటి?" అన్నాడు కంపెనీ ఆఫీసరు.

నేను పుస్తకం తెరిచి, "దగ్గు లేదు, ఊపిరి బాగుంది" అంటూ ఇంటింటిదీ పన్నెండేళ్ళ రాత చదివాను. ఆయన పుస్తకం పట్టుకెళ్తానన్నాడు.

"ఇక్కడే కూర్చుని రాసుకోండి" అన్నాను. సాయంత్రందాకా రాసుకున్నాడు.

"బీపీ అదుపులో ఉంది" అని మీ పేజీ కూడా అందులోనే ఉంది. బీపీ మాత్రలు మానేసి నా పుస్తకం పరువు తీయకండి.

ఇట్లు,
కాగితం దండగ చేసిన మీ నర్సు