రెండు నల్ల బిళ్ళలు

మార్చి 4, సోమవారం

బస్సు స్టీరింగ్ పిన్ను వచ్చింది. రెండు ముక్కలు. దాంతోపాటు అదే బస్సు రెండో వైపుది, విరగనిది. బస్సు గోడకు గుద్దుకుంది, డ్రైవర్ కాలు నుజ్జయింది. నిద్రలో నడిపాడని డిపో వాళ్ళు, పిన్ను ముందే విరిగిందని అతను. ఎవరి మాట నిజమో మా ల్యాబ్ తేల్చాలి.

రెండింట్లోంచీ చొక్కా గుండీ అంత ముక్కలు కోశాను. చేత్తో పట్టుకుని పాలిష్ చేసేందుకు వాటిని ప్లాస్టిక్‌లో పొదగాలి. కొత్త మౌంటింగ్ ప్రెస్‌లో ఒకేసారి రెండు పెట్టొచ్చు. గొట్టంలో ముక్క, దానిమీద వేడికి గట్టిపడే నల్ల బేకలైట్ పొడి, అడ్డంగా ఉక్కు బిళ్ళ, మళ్ళీ ముక్క, మళ్ళీ పొడి. నూట ఎనభై డిగ్రీల వేడి, పైనుంచి ఒత్తిడి, ఆపైన నీళ్ళతో చల్లార్చడం. కాసేపట్లో రెండు నల్ల బిళ్ళలు, ముఖాన లోహం మెరుస్తూ. వెనక నంబర్లు చెక్కాను. ఒకటో నంబరు విరిగిన పిన్నుది, రెండోది విరగనిదానిది.

మార్చి 5, ఉదయం 8.40

నేను వచ్చేసరికే బాబాయి ల్యాబ్‌లో ఉన్నాడు. ఆయన నాకు చుట్టం కాదు. ముప్పయ్యేళ్ళ సీనియర్ కాబట్టి అందరికీ బాబాయే. ఈ పని నాకు నేర్పింది ఆయనే. శాంపిళ్ళ సొరుగు ఓరగా తెరిచి ఉంది. గుడ్డ కోసం తీశానన్నాడు. నేను అడగకుండానే.

సాయంత్రం

పాలిష్ చేసి, యాసిడ్ అద్ది, మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒకటో నంబరు చక్కగా ఉంది, సన్నటి రేణువులు. రెండోది అధ్వాన్నం. రేణువులు ముతకగా ఉబ్బాయి, అంచుల వెంట తెల్లటి గీతలు. గాజులా పెళుసు. విరగాల్సింది విరగలేదు, విరగకూడనిది విరిగింది. మేనేజర్‌తో అన్నాను. లోహం మనల్ని అడిగి విరగదమ్మా, చూసింది రాయి అన్నారు. రాశాను. విరిగిన పిన్నులో లోపం లేదు. కింద నా సంతకం.

మార్చి 6

క్యాంటీన్‌లో తెలిసింది. ఆ పిన్నులు చేసే కంపెనీలో బాబాయి మేనల్లుడు సూపర్‌వైజర్. నాతో ఒక్క ముక్క అనలేదు ఆయన. నంబర్లు చెరిపి మళ్ళీ చెక్కడం ఎంతసేపు? బిళ్ళల్ని లెన్స్ పెట్టి చూశాను. గీకిన గుర్తు లేదు. ఆయన చేతిపనికి గుర్తులుంటాయా?

మార్చి 7

రాత్రి సొరుగు సందులో వెంట్రుక పెట్టి వెళ్ళాను. పొద్దున లేదు.

అమ్మతో చెప్పాను. నువ్వు తాడుని చూసి పామనే రకానివే అంది. తాడో పామో, ముందు కర్ర పట్టుకోవాలిగా అన్నాను.

మార్చి 8

గేటు దగ్గర ఒకావిడ, చంకలో పిల్ల. డ్రైవర్ భార్య అని వాచ్‌మన్ చెప్పాడు. మా రిపోర్టు చూసి అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారట. స్టీరింగ్ ముందు కునుకు తీసి ఎరగడు, ఇది రాసిందెవరో ఒక్కసారి చూపించండి అంటోందట. నేను తల దించుకుని వెనక గేటు నుంచి లోపలికొచ్చాను.

తిన్నగా మేనేజర్ గదికెళ్ళి బాబాయి బిళ్ళలు మార్చాడని చెప్పాను. మార్చాడేమోనని కాదు. మార్చాడని.

సాయంత్రానికి ఆయన్ని ఇంటికి పంపేశారు. సోమవారం విచారణ. సామాను సర్దుకుంటూ నావైపు చూడలేదు. తప్పు చేసినవాడు చూడడు కదా అనుకున్నాను. చూసి ఉంటే, ఎంత ధైర్యం అనుకునేదాన్ని.

మార్చి 10, ఆదివారం

రాయబుద్ధి కావట్లేదు.

మార్చి 11, సోమవారం

మేనేజర్ గది. ముగ్గురమే. మేనల్లుడి సంగతి అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణన్నాడు బాబాయి. సొరుగు రోజూ తీస్తానన్నాడు, పాలిషింగ్ గుడ్డలుండేది అందులోనేగా అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"కొత్త ప్రెస్‌లో ముందు ఏది వేశావమ్మా?"

విరిగింది, అన్నాను.

"మరి నంబర్లు?"

బయటికొచ్చిన వరసలో చెక్కానన్నాను. ముందొచ్చింది ఒకటి.

అప్పుడు వెలిగింది నాకు. ముందు వేసింది గొట్టంలో అడుగున ఉంటుంది. కిందనుంచి నెడితే, తర్వాత వేసింది ముందొస్తుంది. పాత ప్రెస్‌లో ఒక్కటే వచ్చేది, ఈ ఆలోచనే అక్కర్లేదు. మేనేజర్‌కి ఇంకా అర్థం కాలేదు. నేనే విడమరిచి చెప్పాను.

ఆ రెండు పిన్నుల్లో మిగిలిన లోహంలోంచి మళ్ళీ ముక్కలు కోశాను. పాత ప్రెస్‌లో, ఒక్కొక్కటే. పెళుసుగా ఉన్నది విరిగిన పిన్నే.

మార్చి 12

కొత్త రిపోర్టు డిపోకి వెళ్ళింది. మొదటి పేరాలోనే తప్పు నాదని రాశాను. మేనేజర్ దాన్ని 'పొరపాటు' అని దిద్దారు. నేను మళ్ళీ 'తప్పు' అని దిద్దాను. నాకు మెమో ఇచ్చారు.

సాయంత్రం బాబాయి ఇంటికెళ్ళాను. పిన్ని తలుపు తీసింది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. ఆయన పడుకున్నారంది. లోపలి గదిలో టీవీ చానల్ మారింది. నీళ్ళు తాగి వచ్చేశాను.

మార్చి 19

బాబాయి రిటైర్మెంట్ దాకా సెలవు పెట్టేశాడు.

డ్రైవర్ వచ్చాడు, చంకకర్రల మీద. మళ్ళీ తీసుకున్నారట, ఆఫీసు పనిలోకి. తప్పు పట్టుకున్న మేడమ్ మీరేనా అంటూ దండం పెట్టాడు.

కాదందామని నోరు తెరిచాను. అవునని వచ్చింది.